నలభై ఒకటి

మంగళవారం సాయంత్రం ఒక్కదాన్నే వచ్చాను,
సంచిలో కొలత టేపు,
ముందు ఖాళీ చక్రాల కుర్చీ.
ఆర్బ్రోత్ రేవులో సముద్రపు కాకులు
విరగబడి నవ్వాయి,
మనిషి లేని కుర్చీని ఈ పిచ్చిది
ఎక్కడికి షికారు తీసుకెళుతోందని.

చేపల కొట్టు గుమ్మం ముప్పై అంగుళాలు.
స్ట్రూవన్ కుర్చీ ఇరవై ఎనిమిదిన్నర.
మిగిలిన అంగుళంన్నరలో
అతని మోచేతులు పట్టాలి, నా ధైర్యమూ పట్టాలి.
గడపకి వాలుచెక్క మనమే మోసుకురావాలి.
రేవు రాళ్లు ఎగుడుదిగుడు;
మోర్వెన్ వెన్నులో ఇనుప కడ్డీలున్నాయి,
ప్రతి రాయీ ఆమె పళ్లలో మోగుతుంది.

ఎదిగిన పిల్లల్ని పడుకోబెట్టి బట్టలు మార్చే బల్ల
ఊరు మొత్తానికి ఒక్క మరుగుదొడ్డిలోనే ఉంది.
తాళంచెవి ఈతకొలను ఆఫీసులో.
ఆఫీసు పన్నెండున్నరకి భోజనానికి మూస్తారు.
కాబట్టి మా సముద్రం కూడా
పన్నెండున్నరలోపే అయిపోవాలి.

మూర్ఛ మందు నా ఎడమ జేబులో ఒకటి, కాలమ్ దగ్గర ఒకటి.
గొట్టంలో పోసే పాలు పదకొండుంబావుకి,
ఆ కాసేపూ గాలికి అడ్డంగా ఎవరైనా నిలబడాలి.
వానొస్తే? రాశాను.
బస్సు లిఫ్టు మొరాయిస్తే? రాశాను.
అయోనా ఏడిస్తే?
ఏడవనివ్వాలి. అది రాయక్కర్లేదు.

హెడ్మాస్టరు అన్నాడు,
"ఇంత శ్రమెందుకు, చేపల్నే బడికి తెప్పించకూడదూ?"
తెప్పించొచ్చు.
సముద్రపు హోరునీ రికార్డు చేసి తెప్పించొచ్చు.
కానీ వరుసలో నిలబడి విసుక్కునే మనుషుల్ని
ఏ కొట్టువాడు పార్సెల్ కడతాడు?

గురువారం వాన రాలేదు. లిఫ్టు మొరాయించలేదు.
సగానికి కోసిన పీపాల మీద తడి గోనెసంచులు,
వాటి కింద తోకలు జంటగా కట్టిన చేపలు
పొగలో మగ్గుతున్నాయి.
చూపు లేని, వినికిడి అరకొరగా ఉన్న స్ట్రూవన్
ముక్కుతో రేవు పటమంతా చదివేసి
సరిగ్గా కొట్టు వైపే తల తిప్పాడు.
నోటితో ఏమీ తినడు.
కొనేది వాళ్ల అమ్మమ్మకి.

కుర్చీ పళ్లెం మీద ఎర్ర బటన్.
అందులో తమ్ముడు లాక్లన్ గొంతు,
ఇప్పుడిప్పుడే బొంగురుపోతున్న గొంతు.

కొట్టు ఎఫీ నన్ను అడిగింది,
"అబ్బాయికేం కావాలి?"

నోటుబుక్కులో నా కోసం రాసుకున్నది ఒకే ఒక్క మాట:
మాట్లాడకు.

పది. చెయ్యి పైకి లేచి అటెటో పోయింది.
పదిహేడు. వెనకాయన దగ్గాడు.
ఇరవై మూడు. ఎవరో "పాపం" అన్నారు, ఎంతో మెల్లగా,
చేప పొట్ట చీల్చే కత్తంత మెల్లగా.
ముప్పై. నా చేతిని నేనే పట్టుకున్నాను.
ముప్పై ఆరు. మెటికలు పళ్లెం అంచుకి తగిలి జారాయి.
నలభై.
నలభై ఒకటి.

"ఒక జత కావాలండీ, మా అమ్మమ్మకి."

ఎఫీ నన్ను వదిలేసింది.
అతని మీదికి వంగి గట్టిగా అడిగింది,
"పెద్ద జతా, చిన్న జతా?"

రాయనిది ఇదే.
మూడు వారాల పథకంలో
ఎవరైనా అతన్ని ఎదురు ప్రశ్న వేస్తారని
నేనే అనుకోలేదు.

మళ్లీ నొక్కాడు. ఈసారి పదకొండుకే.
"ఒక జత కావాలండీ, మా అమ్మమ్మకి."

ఎఫీ ఒక్క క్షణం ఆలోచించి
రెండు జతలూ కాగితంలో చుట్టి
రెండు చేతుల్లో వేడివేడిగా పెట్టింది.
కుడిచెయ్యి వదిలేశాడు.
ఎడమది, బరువైనది, పొట్టకి హత్తుకుని
ఇవ్వనంటే ఇవ్వనన్నాడు,
డబ్బు తీసుకోడానికి కూడా వేలు విప్పలేదు.

పన్నెండూ ముప్పై నాలుగు.
ఈతకొలను ఆఫీసు మూసేశారు.
కారులో రొట్టె తింటున్న తాళాలాయన కోసం
కాలమ్ పరుగెత్తాడు, నేను బుక్కు తీశాను:
రెండో బటన్.
లాక్లన్‌ని అడగాలి, "పెద్దది" అని చెప్పమని,
గొంతు పూర్తిగా మారకముందే.