నొప్పి లేదన్న కాలు

గురువారం గురువారం
ఇస్కపల్లి సబ్‌సెంటర్ అరుగు చివర
రెండు గీతల సిగ్నల్ దొరికే చోట
ప్లాస్టిక్ కుర్చీ వేస్తాను.
నా చేతిలో ట్యాబ్,
ట్యాబ్‌లో నెల్లూరు డాక్టరమ్మ,
కుర్చీలో మస్తానమ్మ.

షుగరు తొమ్మిదేళ్ళది.
ఉప్పు కయ్యల్లో పార పట్టింది ముప్ఫయ్యేళ్ళు.

డాక్టరమ్మ మంచిది, అది ముందు చెప్పాలి.
పేరు పెట్టి పిలుస్తుంది.
పోయిన నెల దగ్గు గుర్తుపెట్టుకుని అడుగుతుంది.
పెద్దాసుపత్రిలో నాలుగు గంటలు నిలబడితే
తలెత్తకుండా చీటీ గీకిన చెయ్యి ఒకటుంది,
ఆ రోజు కూలి పాయె, బస్సు చార్జీ పాయె.
"మొగం గూడా చూళ్ళేదు పాపా ఆయన"
అంటుంది మస్తానమ్మ,
తెరలో మొహానికి దణ్ణం పెడుతూ.

"కాళ్ళు మంటలా? నొప్పులా?"
"పోయినేడు ఉండె తల్లీ. ఇప్పుడు హాయిగా ఉండాయి."

డాక్టరమ్మ ఆగింది.
కాదు, సిగ్నలే ఆగింది.
నోరు సగం తెరిచిన బొమ్మ మీద
చక్రం తిరుగుతా ఉంది.

అప్పుడు చూశాను.
కుర్చీ కింద గచ్చు మీద
తడి అచ్చు,
ఒక్క కాలిదే.

ఎడమ కాలు ఒళ్ళోకి తీసుకుంటే
"వద్దు పాపా, నాకు పాపం" అని లాక్కోబోయింది.
నాలుగో వేలి కింద
కందిగింజంత ఉప్పురాయి
మాంసంలో ఇల్లు కట్టుకుని ఉంది.
పుండు మీద కారం అంటారు గానీ
ఉప్పు మాత్రం తక్కువదా?
ఊరు లేచేట్టు అరవాలి మనిషి.
ఈమె నా జడలో కనకాంబరాలు
మూర ఎంతని అడుగుతోంది.

బొమ్మ కదిలింది.
"కాలు చూపించండి సిస్టర్... ఇంకా దగ్గరగా...
మసగ్గా ఉంది... వాసన ఉందా?"
ఉంది మేడం.
ఈ అరుగు మీద
ఎండుచేపల వాసన అనుకున్నాను ఇన్నాళ్ళూ.

ట్యాబ్‌లో ఒక గడి ఉంటుంది:
కాళ్ళ నొప్పి, ఉంది, లేదు.
పోయిన మూడు గురువారాలూ
లేదు మీద నొక్కిన వేలు ఇదే.
తెరకు దూరం ఉంది, సరే.
నాకేముంది?
మూరెడు ఎడంలో కూర్చున్నాను.

"చీపురుపుల్లతో మెల్లగా తాకండి.
కళ్ళు మూసుకోమనండి.
తాకగానే చెప్పమనండి."

బొటనవేలు. మడమ. నాలుగో వేలు.
మళ్ళీ నాలుగో వేలు.

కళ్ళు గట్టిగా మూసుకుని
పరీక్ష రాసే పిల్లలా
ఊపిరి బిగబట్టి కూర్చుంది మస్తానమ్మ.
"కానీయ్ పాపా," అంది చివరికి,
"ఎప్పుడు తాకుతావ్?"