ఉన్న నీళ్లు

పాత పుస్తకంలో పాఠం చివర ఖాళీలుండేవి.
పూరించేవాళ్లం.
కొత్తదాంట్లో "చర్చించండి" అని ఉంది.
నా ముప్పై ఒక్కేళ్ల నౌకరీలో
చర్చ అంటే స్టాఫ్ రూములో జీతాల గురించి జరిగేదే.

మతారంలో రెండు రోజుల శిక్షణ.
నా కొడుకు వయసు కుర్రాడు ప్రొజెక్టర్ వెలుగులో నిలబడి
మతబోధన పిల్లల బతుకులోంచి మొదలవ్వాలన్నాడు.
బాగానే ఉంది.
భోజనం పొట్లంలో చేపా బాగానే ఉంది.
అలవాటు కొద్దీ చివరి పేజీలు తిప్పి చూశాను,
జవాబులు లేవు.

అక్టోబరు.
దక్షిణ లొంబోక్‌లో లారీ వస్తేనే నీళ్లు.
ఆరో తరగతి, వజూ పాఠం.
సుద్దముక్క కింద పెట్టి, చర్చించండి అన్నాను.
ఫ్యాను తప్ప ఎవరూ నోరు మెదపలేదు.

వెనక బెంచీలోంచి సహ్నిమ్ లేచింది.
"ఇంట్లో ఒక్క బకెట్టే ఉంది సార్.
దూడ నాలుక బయటపెట్టింది.
అమాక్ వజూకి అంటాడు, ఇనాక్ దూడకి అంటుంది.
రాత్రి ఇద్దరూ మాట్లాడుకోలేదు."

"తయమ్ముమ్!" తరగతి ఒక్క గొంతై అరిచింది.
"నీరు లేనిచోట శుభ్రమైన మట్టి"
గడగడా, ఊపిరి తీసుకోకుండా, నేను నేర్పిన రాగంలోనే.

"నీళ్లున్నాయి కదా సార్.
లేవని ఎలా అంటాం?"

నా దగ్గర ఖాళీ మాత్రమే ఉంది.
అప్పుడు, ఎక్కడ దాక్కుందో,
తువాన్ గురు సపారుదిన్ బెత్తం భయానికి
పదకొండేళ్లప్పుడు నమలకుండా మింగిన వాక్యం
ఇన్నాళ్లకి పంటికి తగిలింది:
దాహానికి కావలసిన నీళ్లు,
పశువు దాహమైనా సరే,
లేని నీళ్ల కిందే లెక్క.

చెప్పాను. గొంతు కాస్త జీరపోయింది.
మతారం కుర్రాడికి ఇది తెలుసో లేదో!
తెలిసీ నాకు తెలియలేదు, అది వేరే సంగతి.

బయటికి నడిచాం.
ఇన్నేళ్లలో ఈ పాఠానికి
ఒక్క చెయ్యీ మురికి కాలేదు.
ముప్పైనాలుగు జతల అరచేతులు నేలకి తగిలాయి.
"ఎక్కువైన దుమ్ము ఊదెయ్యాలి" అని మార్కులు తెచ్చుకున్న జునైది
నిజంగా ఊది, తుమ్మి,
పక్కవాడి మొహమంతా దుమ్ము చేశాడు.

సహ్నిమ్ మాత్రం ఊదలేదు.
"మా అమాక్ నమ్ముతాడా సార్?"

పుస్తకం చివర చూడబోయి మానుకున్నాను.
సాయంత్రం నేనొస్తాను పద, అన్నాను.
రిజిస్టర్లో "చర్చ పూర్తయిందా" అన్న గడి మీద
నా బొటనవేలి మట్టి.