మధ్యలో మొదలైన తీగ

రాజోలు లాకుల దగ్గర
ఎండుగడ్డి మంట మీద డప్పు కాస్తున్నాడు ఏసోబు.
ఫోనులో బాంజో వినిపించాను.

"డప్పుకి తీగలు కట్టేరేంట్రా!"

ఓడ అడుగున సంకెళ్లతో వచ్చినవాళ్లు
ఆనపబుర్రకి తోలు బిగించారని,
కొండల్లో తెల్లరైతుల ఫిడేలు పక్కన
అది కూర్చుందని,
తర్వాత టోపీలవాళ్లు తమదే అన్నారని
చెబుతూనే ఉన్నాను.

అతను బొమ్మలో ఐదో తీగనే చూస్తున్నాడు.
పొట్టిది. మెడ సగంలో మొదలవుతుంది.
"ఈడికి పైన చోటివ్వలేదా?"

ముక్కుతో సాగే ఆ గొంతు
బొగ్గుగనిదో, రైలుదో, పోయిన తల్లిదో.
మాట తెలీదు.
గోటితో తోలు మీటాడు. కాగింది.

కాలవ అవతల శవం లేచింది.
పెద్దపుల్ల పాత దరువే వేసింది.
సిటికెనపుల్ల మాత్రం
దారంతా
ఆ పొట్టితీగ వెంట నడిచింది.