పని సున్న

లెక్కలు లేని ఫిజిక్సు అన్నాడు
రిజిస్ట్రేషన్ కిటికీలో కుర్రాడు,
ముళ్ళు లేని చేప అన్నంత ధీమాగా.
ఎక్స్‌రే కోర్సులో సీటు కావాలంటే ముందిది దాటాలి.
దులూత్ కాలేజీ, మూడో అంతస్తు,
మంగళ గురువారాలు, సాయంత్రం ఆరున్నర.
ఇరవై మూడేళ్ళ కిందట వదిలేసిన పెన్ను
వేళ్ళ మధ్య పరాయిదానిలా కూచుంది.

పక్క బల్ల ట్రెవిన్‌ది. హాకీ గోలీ, పంతొమ్మిదేళ్ళు,
పుస్తకం తెరిచి దాని మీదే నిద్రపోతాడు.
ముందు వరసలో ఐవర్ లాంపినెన్,
ఇనపరాయి రేవులో ముప్పై ఆరేళ్ళు చేసి దిగినవాడు.
మార్కులతో ఆయనకేం పని?
వెయ్యడుగుల ఓడ, ఇంజను ఆపేశాక కూడా
మైలు దూరం వస్తూనే ఉండేదట.
కళ్ళారా చూశాను గానీ దాని పేరు తెలీదు, అన్నాడు.
జడత్వం, అంది ఓడెగార్డ్ టీచరు.
ఆయన రాసుకున్నాడు. కింద గీత గీశాడు.
రోజూ ఎదురుపడే మనిషి పేరు
ఇన్నాళ్ళకి అడిగి తెలుసుకున్నవాడిలా
కాసేపు ఆ మాట వంకే చూశాడు.

టీచరు ఒకరోజు కప్పుల కిందనుంచి
బల్లగుడ్డ సర్రున లాగింది.
ఒక సాసరు పగిలింది.
అదీ పాఠమే, అంది. ఏ పాఠమో చెప్పలేదు.

ఐదో వారం: పని.
నిండు బకెట్టు చాచిన చేత్తో పట్టుకుని
అలా నిలబడే ఉంది టీచరు.
గడియారంలో ముల్లు తిరుగుతోంది,
మోచెయ్యి సన్నగా వణుకుతోంది.
"బకెట్టు మీద ఇప్పుడు నేను చేస్తున్న పని ఎంత?"
సున్న, అంది క్లాసు.
నిద్రలోంచి ట్రెవిన్ కూడా: సున్న.

నాకు ఒళ్ళు మండింది.

ఆ మధ్యాహ్నమే కేర్‌హోమ్‌లో
మనిషినెత్తే యంత్రానికి బ్యాటరీ అయిపోయి,
పిలిస్తే పలికే దిక్కు లేక,
మిసెస్ క్రాన్‌స్టన్‌ని స్నానాలగది గోడకి ఆనించి
జారిపోకుండా పద్దెనిమిది నిమిషాలు పట్టుకున్నాను.
ఆవిడ కదల్లేదు.
నేను కదల్లేదు.
కదలకూడదనే కదా అదంతా.
ఆవిడ నా చెవి దగ్గర
చిన్నప్పటి కుక్క పేర్లు వరసగా చెబుతూ ఉంది.

చెయ్యెత్తి ఇదంతా చెప్పేశాను,
కుక్క పేర్లతో సహా.
సున్న అంటే ఊరుకోనన్నాను.
గొంతు కొంచెం పెద్దదయింది.

టీచరు బకెట్టు దించింది. నీళ్ళు తొణికాయి.
"బకెట్టు మీద సున్నే," అంది,
"ఆవిడ మీదా సున్నే. మీ లోపల కాదు.
కండలో ఒక్కో పోగు లాగుతుంది, వదులుతుంది,
మళ్ళీ లాగుతుంది, క్షణం తీరిక లేకుండా.
మధ్యాహ్నం ఏం తిన్నారు?"
సగం శాండ్‌విచ్.
"అదంతా వేడిగా పోయింది.
ఇదే బకెట్టు బల్ల మీద పెడితే
తెల్లార్లూ మోస్తుంది, అలిసిపోదు.
బల్ల కాబట్టి."

ఐవర్ కుర్చీతో సహా వెనక్కి తిరిగాడు.
"తాడు పట్టుకుని ఊరికే నించున్న రాత్రులకి
మాకు గంటకి పదకొండు డాలర్లిచ్చేవాళ్ళమ్మా.
సున్న అని యూనియన్‌కి చెప్పమనండి చూద్దాం."

పరీక్షలో ఏడో ప్రశ్న అదే వచ్చింది.
సున్న అని రాశాను, మార్కు కావాలి గనక.
మార్జిన్‌లో చిన్నగా: సగం శాండ్‌విచ్.

ఆ రాత్రి పార్కింగులో
నా కారు చక్రం మంచులో దిగబడింది.
సరస్సు మీంచి గాలి, ముక్కు ఉందో లేదో తెలీని చలి.
నేను స్టీరింగు దగ్గర, వెనక ఐవర్, ట్రెవిన్.
తోశారు.
మళ్ళీ తోశారు.
అంగుళం కదల్లేదు.
"సున్న!" అని అరిచాడు ట్రెవిన్, హాయిగా,
ఆ సెమిస్టర్ మొత్తంలో మెలకువగా ఉన్నది అప్పుడే అనుకుంటా.

అద్దంలో చూశాను.
ఐవర్ ఉన్ని టోపీ తీసి చేత్తో పట్టుకున్నాడు.
దీపస్తంభం కింద ఆయన బట్టతల మీంచి
ఆవిరి లేస్తోంది, నిటారుగా,
కెటిల్ మీంచి లేచినట్టు.

ట్రెవిన్ ఇసక బస్తా కోసం
కాలేజీ మెట్ల వైపు పరిగెత్తాడు.