మూతెడు నేరేడు

ఆషాఢంలో నానేసినా.
హార్లిక్సు సీసాలో మూడొంతులు నేరేడు పళ్లు,
ఒక్కోదానికీ పిన్నీసుతో నాలుగు పోట్లు,
రెండు పిడికిళ్ల కలకండ,
మిగిలిన సందంతా జిన్ను.

మైపాడు రిసార్టులో మందు కౌంటరు నాది.
దసరాకి కొత్తదొకటి కావాలన్నాడు మేనేజరు.
రుచి చెప్పే నాలుక యాడ దొరికేది?
ఇందుకూరుపేట మొత్తానికీ
చేపల పులుసులో ఉప్పు వాసనబట్టి చెప్పే మనిషి
చెంగమ్మ పెద్దమ్మ ఒకతే.

అడగడానికి మూడ్రోజులు పట్టింది.
తొంభై రెండులో సారా ప్యాకెట్లు నడిబజార్లో పోసి
టపటపా పేల్చిన మడమలు ఆమెవి.
కుడిదానికి ఇప్పుడు ఆనె.

దగ్గు టానిక్కు మూతలో పోసిచ్చినా.
ట్యూబులైటుకి ఎత్తి చూసింది,
పళ్లు దొంగిలించొచ్చిన పిల్లోడి చొక్కా రంగు.
"ఇదేంది మే, నీలగిరి తైలం!"
"కాసేపు ఆగు పెద్దమ్మా."
ఆగింది.
చప్పరించింది.
మళ్లీ ఆగింది, ఈసారి నేను చెప్పకుండానే.

"మీ పెదనాన్న తాగినదానికి ఒక మొహం ఉండేది.
మలుపు తిరగకముందే కంపు కొట్టి
బిడ్డల్ని దాపెట్టుకునే టైమన్నా ఇచ్చేది.
ఇదేంది,
చెప్పులు బయటిడిసి, కాళ్లు కడుక్కోని
చుట్టం మాదిరి వస్తా ఉండాది లోపలికి!"

నేనేం మాట్లాడలా.
మూత బోర్లించి, ఆఖరి బొట్టు అరచేతిలో పట్టి నాకి,
"బో బాగుంది" అంది, నేరం ఒప్పుకున్నట్టు.
"తీపి తగ్గించు. వగరు దాచబాక.
నేరేడంటేనే వగరు గదా."

తర్వాత, నేను వద్దంటున్నా,
సీసాలో చెయ్యి పెట్టి ఒక పండు తీసి నమిలింది.
మూడు నెలల మందంతా అందులోనే ఉండె!
దగ్గు, కళ్లనీళ్లు, ఆ వెనక
నేనెప్పుడూ వినని నవ్వు.
స్టీలు పళ్లెంలో నాలుక చాపి చూసుకుంది.
"రేపు పొదుపు మీటింగు మే,
ఈ ఊదా నాలికతో ఎట్టా పొయ్యేది!"

శనివారం మద్రాసు జంటొకటి వచ్చింది.
"తియ్యగా ఉంటుందా?" అంది ఆమె.
"ముందు వగరు. తీపి తర్వాత.
నిదానంగా తాగండి, చుట్టం నెమ్మదిగా లేస్తాడు."
నవ్వి, రెండు చెప్పారు.

పేరేంటని అడుగుతా ఉండారు అందరూ.
సీసా మీద కాయితం అంటించినా గానీ
ఏమీ రాయలా.
గడప దిగేటప్పుడు పెద్దమ్మ చెప్పింది:
"నా పేరు గాని దానిమీద రాస్తివా,
ఎడమ మడమ ఇంకా బాగానే ఉండాది."