మూత తియ్యొద్దు

మా ఇంట్లో నిద్రెప్పుడూ ముక్కలు ముక్కలే.
మూడు గంటలకోసారి ఎవరో ఒకరు లేచి
అడుగున చిల్లులున్న మట్టికుండలో
సోయా గింజల మీద నీళ్లు పొయ్యాలి.
పోసినవి పోసినట్టే కిందికి కారిపోతాయి.
గింజకి ఏమీ అంటనట్టే ఉంటుంది.
అయిదోనాడు నల్లగుడ్డ ఎత్తి చూస్తే
కుండ నిండా మెడలు.

జొన్జు ఊళ్లో, దక్షిణ బజారులో
మా అమ్మమ్మ అమ్మింది, అమ్మ అమ్మింది,
నలభై ఒక్కేళ్లుగా నేను.
వెలుతురు తగిలితే తల పచ్చబడి చేదెక్కుతుందని
తలుపు సందులోంచి తొంగిచూసే ఎండని
పక్కింటి పిల్లాణ్ణి కసిరినట్టు కసిరినదాన్ని.

అలాంటి నా చేతిలో
ఆసుపత్రిలో పథ్యాలు చూసే తక్ గారు
ఒక కాగితం పెట్టింది.
మా చెల్లెలు పిల్‌సున్‌కి ఎముకల్లో మూలుగ మార్చి
అప్పటికి నలభై రోజులు.
మూడో వరుసలో ఉంది:
పచ్చి మొలకలు వద్దు.

ఒళ్లు మండింది.
"మా కుండలోవి కూడానా?
మా నీళ్లు ఎలాంటివో వచ్చి చూడండి" అన్నాను.
ఆమె కోప్పడలేదు.
"తప్పు నీళ్లది కాదమ్మా.
గింజ పొట్టు మీద కంటికి ఆనని పగులుంటుంది.
పొలంలోనే అందులోకి ఏదో ఒక క్రిమి దూరి కూర్చుంటుంది.
తర్వాత మీరిచ్చే వెచ్చదనం, మీరు పోసే తడి
మొలకకి ఎంత పుట్టిల్లో
దానికీ అంతే."

ఆ రాత్రి నీళ్లు పోస్తుంటే చెయ్యి ఆగింది.
ఇన్నేళ్లూ ఎవరెవరికి పోశానో.

అలాగని ఆమె మొలకని ఆడిపోసుకోలేదు.
ఎండు గింజలో సి విటమిను లేదన్నంత తక్కువట.
నాలుగు రోజులు చీకట్లో పడుకుని లేచేసరికి
ఎక్కడా అప్పు చెయ్యకుండా
తనలోంచే పుట్టించుకుంటుందట.
"తిననివ్వండి. బాగా ఉడికించి తిననివ్వండి" అంది.

దుప్పటి తెద్దామని పిల్‌సున్ ఇంటికెళ్లాను.
వంటగట్టు కింద బంగాళాదుంపల సంచి,
మూడు నెలలుగా ఎవరూ ముట్టనిది.
సంచిని చీల్చుకుని ఊదారంగు వేళ్లు
నా వైపు చాచి ఉన్నాయి.
తోలు గీరితే కింద ఆకుపచ్చ.
మొలక తుంచి మిగతాది వండుదామని
పొదుపు తెలిసిన చెయ్యి ముందుకెళ్లింది.
కాగితం వెనకవైపు గుర్తొచ్చింది:
ఇది ఉడికించినా పోదు.
మొలకలమ్మి బతికినదాన్ని
మొలకని చూసి చెయ్యి వెనక్కి తీసుకున్నాను.
సంచి సంచీ బయట పారేశాను.
ఆ పూటంతా చేతులు కడుక్కుంటూనే ఉన్నాను.

ఇల్లు చేరిన మొదటి ఆదివారం
పిల్‌సున్ ముల్లంగి మొలకలడిగింది,
వేడి అన్నంలో పచ్చివే కలిపి.
"నోట్లో ఏదైనా కరకరమని ఎన్నాళ్లయిందే అక్కా."
ఆమె జుట్టు ఇప్పుడిప్పుడే వస్తోంది,
కుండలో రెండోనాటి వరసలా.
"ఇంకా కాదు" అన్నాను.

సోయా మొలకలు నీళ్లలో వేసి మూత పెట్టాను.
మధ్యలో మూత తీస్తే పచ్చివాసన
ఇల్లంతా పట్టుకుంటుందని అమ్మమ్మ కట్టుబాటు.
ఆవిడకి క్రిముల గొడవ తెలీదు.
ఆవిడ శత్రువు వాసనొక్కటే.
పిల్‌సున్ మూత మీదికి చెయ్యి చాపింది.
గరిటెతో వేళ్ల మీద ఒక్కటిచ్చాను,
చిన్నప్పుడు నాకు పడినట్టే.

పన్నెండు నిమిషాలు చాలని తెలుసు.
ఇరవై ఉంచాను.
మొలకలు మెత్తబడి గిన్నెలో వాలిపోయాయి.
అమ్మమ్మ ఉంటే ఈ వంటకి
బజారంతా వినబడేలా తిట్టేది.

పిల్‌సున్ రెండు గిన్నెలు తాగింది,
"నీకు వంట మర్చిపోయినట్టుంది" అని
సణుగుతూనే.