మడతలో వదిలిన గుడ్డ

బరంపురం నుంచి గోపాలపూర్ పోయే రోడ్డులో
మొగలి పొదలు అయిపోయాక, ఫిరంగుల బడి గేటుకి ఇవతల
నా దుకాణం.
బోర్డు మీద ఒడియాలో ఒక పేరు, తెలుగులో ఒక పేరు,
రెండూ ఉప్పుగాలికి సగం రాలిపోయాయి.

లోహానీ దొర ప్యాంటు నడుం విప్పడం ఇది మూడోసారి.
"ఇంకా ఏమైనా మిగిలుందా లోపల?" అంటాడు.
వెనక కుట్టు మడతలో
మా అయ్య నేర్పినట్టు రెండు వేళ్ళ గుడ్డ వదిలేస్తాను ఎప్పుడూ.
మనిషి ఎంతవుతాడో టేపుకేం తెలుసు.

పోయినేడు మార్చిలో ఆయన వెళ్ళిపోవాలి.
బూడిదరంగు కోటుగుడ్డ తెచ్చిచ్చాడు,
"ఈసారి మామూలు బొత్తాలు పెట్టు" అని.
సుద్దతో గీశాను. కత్తెర పెట్టేలోగా
ఢిల్లీ నుంచి కాగితం.

కౌంటరు మీద పరిచి చదివి వినిపించాడు,
హిందీలో, మధ్యమధ్య నవ్వుతూ:
ఈ పని ఇంకెవరికీ రాదని పైవాడు సంతకం పెడితే
రెండేళ్ళు.
గుండె, కన్ను, చెవి బాగున్నాయని డాక్టర్లు ఒప్పుకుంటే.
హోదా పెరగదు. పటాలం చేతికివ్వరు.
అవసరం తీరితే మూణ్ణెల్ల ముందు చెప్పి పంపేస్తారు.
ఆపైన మళ్ళీ ఉండాలంటే
ఏడాది ముందే సమ్మతి రాసివ్వాలి.

అవసరం అంటే ఒక పాత ఫిరంగి.
ఆయన కొలువులో చేరేనాటికే అది పాతది.
దాన్ని చేసిన కంపెనీ మూతబడింది,
పుస్తకం చెదలు తిన్నాయి,
ఎక్కడ పట్టేస్తుందో ఈయన మోచేతికి తెలుసు.
కొత్తది వస్తుంది, వస్తుంది అని పదకొండేళ్ళు.
అది దిగేదాకా ఈయన దిగడు.

ఎడమ చెవి ఎప్పుడో పోయింది.
నా పెదాలు చూసి జవాబిస్తాడు.
డాక్టర్ల పెదాలూ అలాగే చూసి ఉంటాడు.

పేల్చే రోజు ఎర్రజెండా ఎత్తుతారు.
నోళియా పడవలు ఇసకలోనే పడుంటాయి.
పోలయ్య నా అరుగుమీద కూచుని వల బాగుచేస్తూ
"ఆ దొర ఇంటికెల్లిపోతే ఫిరంగి ఆగిపోద్దంటావా?
మరి ఎల్లనీరా.
నెలకి నాలుగురోజులు ఏట మిగుల్ద్ది మాకు" అన్నాడు.
నేను సూదిలో దారం ఎక్కిస్తున్నాను.
ఎక్కలేదు. వాడే ఎక్కించి ఇచ్చాడు.

మొన్న ఇస్త్రీకి వచ్చిన చొక్కా జేబులో కాగితం.
పేరు, నంబరు, పుట్టిన తేదీ టైపు కొట్టి ఉన్నాయి.
సంతకం దగ్గర ఖాళీ.
ఆఖరు గడువు శుక్రవారం.
ఆ రోజు బుధవారం.

మర్చిపోయాడా,
మర్చిపోవడానికే అక్కడ పెట్టాడా?

సాయంత్రం కొత్త కెప్టెన్ వచ్చింది, మణిపూర్ పిల్ల.
పేరు నాకు నోరు తిరగక చీటీ మీద రాసిచ్చింది: ఇరెంగ్‌బమ్.
కుడి చెయ్యి మోచేతి దగ్గర చొక్కా చిరిగింది,
చుట్టూ నల్లటి గ్రీజు.
ఆ చోటు నాకు తెలుసు.
లోహానీ దొర చొక్కాలన్నీ అక్కడే చిరుగుతాయి.
"లోపల గట్టి గుడ్డ వెయ్యండి,
మళ్ళీ చిరుగుతుంది" అంది.
వేశాను. డబ్బులు తీసుకోలేదు, ఎందుకో.

రాత్రి పెట్టె వేడిచేసి
కాగితం ముడతలు పోగొట్టాను.
అదే మడత పెట్టి అదే జేబులో ఉంచాను.
జేబుకి బొత్తం పెట్టాలా వద్దా అని
లైట్‌హౌస్ వెలుగు మూడుసార్లు తిరిగిందాకా నిలబడి,
పెట్టలేదు.